పది మాటలు, పది గొర్రెలు

పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది. ఎత్తాను.

"గడియారం, కుర్చీ, మామిడిపండు, గొడుగు, అద్దం," అన్నాడు మా బావ. కాసేపు ఆగాడు. "దువ్వెన." ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగాడు. అవతల ఒక గొర్రె అరిచింది. "ఇగ యాదికొస్తలేదు బామ్మర్ది. రేపు చేస్త," అని పెట్టేశాడు.

"ఎవరూ?" అంది నా భార్య వంటింట్లోంచి.

"బావ."

"ఎన్ని?"

"ఆరు."

"నిన్న నాలుగే కదా. మంచిదే," అని పాలు పొయ్యి మీద పెట్టింది.

మా బావ అంటే మా పెద్దక్క భర్త. మునగాల దాటాక హైవేకు ఆనుకుని ఉన్న ఊరు. మాది గొర్రెలు కాసే ఇల్లు, వాళ్లదీ అంతే. నేను చదువుకుని కోదాడలో ఒక కాలేజీ లైబ్రరీలో కుదిరాను. ఆయన అరవై జీవాలతో ఊళ్లోనే ఉన్నాడు. మేం గొర్రెలను జీవాలనే అంటాం. ఈ ఫోన్లు మూడేళ్ల కిందటి మాట. ఆయన పోయిన వానాకాలం చనిపోయాడు. మధ్యాహ్నం తిని పడుకున్నవాడు లేవలేదు. గుండె అన్నారు. తాగుడు వల్ల కాదు కదా అని అక్క అడిగింది. కాదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. అక్క మూడోసారి కూడా అడిగింది.

ఆమె అన్నిసార్లు ఎందుకు అడిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

బావ ఇరవై ఏళ్లు తాగాడు. మొదట కల్లు. తర్వాత ఊళ్లో బెల్టుషాపు వచ్చింది, క్వార్టరు సీసాలు వచ్చాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మందను హైవే అవతల మేపుతూ, రోడ్డు పక్కన వేపచెట్టు కింద తాగి పడుకున్నాడు. దాహమై జీవాలు ఇంటిదారి పట్టాయి. ఇంటికి రావాలంటే రోడ్డు దాటాలి. లారీ కింద ఆరు పోయాయి. లారీ డ్రైవరు బండి ఆపి, దిగి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడట. బావ మాత్రం లేవలేదు. సాయంత్రం లేచి చూశాడు. మరునాడు పొద్దున నాకు ఫోన్ చేసి, "నన్ను సూర్యాపేట తోల్కపో," అన్నాడు.

సూర్యాపేటలో తాగుడు మాన్పించే సెంటర్ ఒకటి ఉంది. అక్కడ నెలరోజులున్నాడు. మందులిచ్చారు, ఒళ్లు వణకడం తగ్గింది, తిండి సయించింది. ఇంటికొచ్చాడు. తాగడం లేదు. కానీ చేతిలో కట్టె పట్టుకుని కట్టె కోసం వెతికేవాడు. చెప్పిన మాట పూర్తయ్యేలోపు మొదటి సగం మర్చిపోయేవాడు.

మళ్లీ తీసుకెళ్తే, అక్కడి కౌన్సెలర్ మేడం ఒక మాట చెప్పింది. ఆమెది బెజవాడ వైపు.

"తాగడం మానేశారు కాబట్టి బుర్ర ఆ రోజే బాగైపోదండి. కాలు విరిగితే కట్టు విప్పగానే పరిగెత్తలేం కదా? నడక నేర్పాలి. ఇదీ అంతే. గుర్తుపెట్టుకోవడం, ఒకదాని మీద మనసు నిలపడం, చెయ్యి పోబోతుంటే ఆపుకోవడం, మూడింటికీ సాధన ఉంటుంది. దీంతోనే అంతా బాగవుతుందని నేను చెప్పను. మందులు వేసుకోవాలి, మీటింగులకు రావాలి. ఇది కూడా చెయ్యాలి."

"ఎన్ని రోజులు మేడం?" అన్నాడు బావ.

"నెలలు పడుతుంది."

"జీవాలను ఎప్పుడు తోల్కపోవచ్చు?"

మేడం అక్క వైపు చూసింది. బావకు ఆ ఇంట్లో కావలసింది అదొక్కటే. వరి కోతలయ్యాక మేతంతా రోడ్డు అవతలే ఉంటుంది. ఆ ఆరు జీవాలు పోయినప్పటి నుంచి కట్టె అక్క చేతిలో ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆమే తోలుకుపోతోంది. ఆయన దొడ్డి ఊడుస్తున్నాడు.

"మేడం సరే అంటే సగం సరే," అంది అక్క. "మిగతా సగం నేను అనాలె."

అలా మొదలైంది. ప్రతి శనివారం మధ్యాహ్నం నేను కోదాడ నుంచి బండి మీద పోయి, బావను ఎక్కించుకుని, సూర్యాపేట తీసుకెళ్లేవాణ్ని. వెనక కూర్చుని దారి పొడుగునా దాటిపోయే ఊళ్ల పేర్లు చదివేవాడు. చివ్వెంల బోర్డు రాగానే, "ఇగ పరీక్ష దగ్గర పడ్డది. జర మెల్లగ పో," అనేవాడు.

పరీక్ష ఏమిటంటే, మేడం పది మాటలు చదువుతుంది, వారం వారం అవే పది. వాటి మధ్య సంబంధం ఏమీ ఉండదు. ఆయన తిరిగి చెప్పాలి. ఇంటికి కూడా అదే పని. రాత్రి ఆ పది మాటలు అక్కతో చదివించుకుని, తెల్లారి ఇంట్లో లేని మనిషికెవరికైనా చెప్పాలి. ఆ మనిషి నేను. అందుకే ఆ పొద్దుటి ఫోన్లు. మొదటి మూడు వారాలు నాలుగు, అయిదు, ఎప్పుడన్నా ఆరు. ఒకరోజు జాబితాలో లేని మాటలు మూడు చెప్పాడు, ఎంతో ధీమాగా. ఆ రోజు అక్క అడిగితే నేను అయిదన్నాను. అబద్ధమే. రెండే వచ్చాయి.

ఫోన్‌లో ఒక ఆట కూడా పెట్టింది మేడం. పచ్చ చుక్క కనబడితే నొక్కాలి, ఎర్ర చుక్క కనబడితే నొక్కకూడదు. నొక్కడం అందరికీ వస్తుందట, నొక్కకుండా ఉండడమే చదువట. బావ రెండూ నొక్కేవాడు.

"ఎర్రదాన్ని ఎందుకు నొక్కారు?" అని మేడం అడిగితే, "అది పచ్చదాని పక్కకే వచ్చింది మేడం, పాపమనిపించింది," అన్నాడు.

ఇంకొక ఆటలో బొమ్మలొస్తాయి. మందు సీసా వస్తే వేలితో అవతలికి తోసేయాలి. మజ్జిగో, నీళ్లో, పండ్లరసమో వస్తే దగ్గరికి లాక్కోవాలి. రోజుకు నూరు బొమ్మలు. చెయ్యి అలవాటు పడితే మనసు కూడా కొంత అలవాటు పడుతుందని లెక్క. బావ మొదటి వారమే ఫిర్యాదు చేశాడు.

"మేడం, గీ సీసాలు నేను జన్మల తాగలే. గిది సూడుండ్రి, మెడ పొడుగున్నది, మీద గుర్రం బొమ్మ ఉన్నది. గిది నేనెందుకు నూకాలె? దానికీ నాకూ ఏం లొల్లి లేదు."

మేడం ఆలోచించింది. న్యాయంగానే ఉందంది. ఆయన తాగే సీసాల ఫొటోలు తెస్తే అవే పెడతానంది. తెచ్చే పని నా మీద పడింది. ఆయన్ను పంపలేం కదా.

కోదాడలో మా ఇంటికి దూరంగా ఉన్న వైన్ షాపు ఎంచుకున్నాను. పక్కనే పర్మిట్ రూమ్, ప్లాస్టిక్ గ్లాసులు, ఉడకబెట్టిన శనగలు. ఒక క్వార్టరు సీసా కొని బల్ల మీద పెట్టి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, గ్లాసుతో కలిపి ఒకటి తీశాను. మూత తీసి ఒకటి తీస్తుండగా, మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి తండ్రి లోపలికొచ్చాడు.

"సార్, మీరు కూడానా అండీ?" అన్నాడు, సంతోషంగా.

"ఫొటో కోసమండీ," అన్నాను.

"తియ్యండి సార్, తియ్యండి. మొదటిసారి అందరూ తీస్తారు," అని కుర్చీ లాగి నా ఎదురుగా కూర్చున్నాడు.

సీసా ఆయనకే ఇచ్చి బయటపడ్డాను. మర్నాటికి మాట హైవే వెంబడి ఊరికి చేరింది. అక్క ఫోన్ చేసింది. "ఏమిరా, నిన్ను కూడా మేడం దగ్గరికి తోలాల్నా? ఒక్క బండి మీదనే ఇద్దరు పోతరు గదా, పెట్రోలు కలిసొస్తది."

బావ మాత్రం కొత్త బొమ్మలను ఒక్కొక్కటే చూశాడు. తర్వాత గ్లాసుతో ఉన్న బొమ్మను వేలితో తోశాడు. అది తెర మీద నుంచి జారిపోయింది. "ఆఁ. ఇప్పుడు బరువు తెలుస్తున్నది," అన్నాడు.

రెండో నెలలో ఒక వింత జరిగింది. ఒక సోమవారం పొద్దున ఫోన్ చేసి పది మాటలూ వరసగా చెప్పాడు. గడియారం, కుర్చీ, మామిడిపండు, గొడుగు, అద్దం, దువ్వెన, చెంబు, నిచ్చెన, రైలు, తలుపు. ఆగలేదు, తడబడలేదు. మంగళవారం కూడా అంతే. చీటీ చూసి చదువుతున్నాడేమోనని నాకు అనుమానం. కానీ చీటీ చదివే మనిషి అంత సంతోషంగా చదవడు.

ఆ శనివారం మేడం ముందు కూడా పది చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఎలా గుర్తుపెట్టుకున్నారు?"

"నేను పెట్టుకోలే మేడం. జీవాల మీద పెట్టిన."

దొడ్డి తలుపు తీస్తే గొర్రెలు ఇష్టం వచ్చినట్టు రావు. ముందు నడిచేది ఎప్పుడూ ముందే వస్తుంది, దాని వెనక దాని జత, ఆ తర్వాత బొల్లి మొహంది, ఇలా మొదటి పదింటికి వరస ఉంటుంది. ఆ వరస బావ తాగిన రోజుల్లో కూడా మర్చిపోలేదు. అందుకని ముందు నడిచే నల్లదానికి గడియారమని పెట్టాడు, దాని జతకు కుర్చీ, బొల్లిదానికి మామిడిపండు. కళ్లు మూసుకుని మనసులో దొడ్డి తలుపు తీస్తాడు. జీవాలు బయటికొస్తాయి. ఆయన పేర్లు చదువుతాడు.

మేడం చాలా మెచ్చుకుంది. వస్తువులను తెలిసిన దారిలో, తెలిసిన చోట్లలో పెట్టి గుర్తుంచుకోవడం పాత పద్ధతేనంది. గొర్రెల మీద పెట్టడం మాత్రం తానెక్కడా వినలేదంది. "సరే, ఇప్పుడు చివరి నుంచి మొదటికి చెప్పండి."

బావ కళ్లు మూసుకున్నాడు. "గొడుగు, రైలు, చెంబు..."

"కాదండీ. తలుపు నుంచి మొదలవ్వాలి. గొడుగు మొదట ఎందుకొచ్చింది?"

"గొడుగుకు ఇంటికాడ పిల్ల ఉన్నది మేడం."

మేడం నా వైపు చూసింది. నేను వివరించాల్సి వచ్చింది. ఆయన మాటలను వెనక్కి చెప్పడం లేదు, సాయంత్రం మందను ఇంటికి తోలుకొస్తున్నాడు. సాయంత్రం వరస పొద్దుటి వరసకు తలకిందులు కాదు. పాలిచ్చే తల్లులు పిల్లల కోసం ముందు ఉరుకుతాయి.

"వెనక్కి నడిపించి చూడండి," అంది మేడం.

"జీవాలు వెనక్కి నడవయి మేడం," అన్నాడు బావ జాలిగా. ఇంత చదువుకున్న మనిషికి ఆ సంగతి తెలియకపోవడం ఆయన్ను బాధపెట్టింది.

మూడు నెలలయ్యాక పెద్ద పరీక్ష. ఆ వారం మేడం మిర్యాలగూడలో ఉంటుందని, అక్కడికే రమ్మన్నారు. బస్సులో పోయాం. అక్క కూడా వచ్చింది. మేడం సరే అంటుందో లేదో తన చెవులతో వినాలంది. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. రైసు మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వస్తుంటే కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తూ కూర్చున్నాడు. పక్కనున్న పెద్దామె ఆయన జపం చేస్తున్నాడనుకుని కాళ్లు వెనక్కి తీసుకుంది.

చుక్కల ఆట బాగా ఆడాడు. ఎర్రచుక్క వచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. బొమ్మలు తోశాడు. అంకెలు వెనక్కి చెప్పమంటే నాలుగంకెల దాకా చెప్పాడు. జీవాలు లేకుండా, ఉత్త తలతో. అక్క ఒడిలో చేతులు పెట్టుకుని చూస్తోంది.

చివరికి పది మాటలు.

"కుర్చీ," అన్నాడు బావ. "మామిడిపండు, గొడుగు, అద్దం, దువ్వెన, చెంబు, నిచ్చెన, రైలు, తలుపు."

"తొమ్మిదే వచ్చాయి. మొదటిది?"

బావ ఇబ్బందిగా కదిలాడు. "లేదు మేడం."

"గుర్తుకు రావడం లేదా?"

"యాదికున్నది. గడియారం. కని దాన్ని అమ్మినం మేడం. మొన్న ఆదివారం. ఈ ఊరాయనే కొనుక్కపోయిండు."

మేడం ముఖం మారింది. తాగేవాళ్ల ఇళ్లలో ఏమేం అమ్ముడుపోతాయో ఆమె రోజూ వినే మనిషి. నెమ్మదిగా, "ఇంట్లో గడియారం ఎందుకు అమ్మారు?" అంది.

"ముసల్దైంది మేడం. పండ్లు అరిగినయి."

అక్క మొదట నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను ఎన్నో ఏళ్లుగా చూడలేదు. సంగతి అర్థమయ్యాక మేడం కూడా నవ్వింది, కానీ కాగితం మీద తొమ్మిదే రాసింది. నియమం నియమమే.

"అమ్మినా మాట ఉంటుంది కదండీ. ఇంకో గొర్రెకు పెట్టుకోవాలి."

"దాని బిడ్డ ఉన్నది మేడం. ఇప్పుడు ముందట అదే నడుస్తున్నది. దానికే పెడత. ఇంటిపేరు పోదు."

మేడం సంతకం పెట్టి, "నా వైపు నుంచి సరే," అంది. బావ అక్క వైపు తిరిగాడు. అక్క బయటికి నడుస్తూ, "బస్సుకు యాల్లయితున్నది, లేవుండ్రి," అంది. మిగతా సగం ఆమె దగ్గరే ఉండిపోయింది. తిరుగు బస్సులో ఆయన పెదాలు కదల్లేదు.

వారం పది రోజులకు, కోతలైన తర్వాత ఒక ఆదివారం పొద్దున, అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "ఇయ్యాల కట్టె ఇచ్చిన. మందను ఒక్కడే దాటిస్తనంటుండు. నువ్వు ఎనక పో. కనబడకు. ఏమన్న అయితే అడ్డం పడు."

నేను బండి తీసుకుని పోయి, రోడ్డు దాటే చోటు పక్కనున్న దాబా వెనక నిలబడ్డాను. అక్కడ డివైడరుకు ఒక సందు ఉంది. మందలన్నీ అందులోంచే దాటుతాయి.

బావ మందను రోడ్డు అంచుకు తెచ్చి, కట్టె అడ్డంగా పట్టి నిలబడ్డాడు. లారీలు పోతున్నాయి. ఒకసారి రోడ్డు ఖాళీ అయింది. నేనైతే తోలేసేవాణ్ని. ఆయన తోలలేదు. ఇంకోసారి ఖాళీ అయింది. అప్పుడూ తోలలేదు. నాకు విసుగొచ్చింది. దూరాన వస్తున్న బస్సు కూడా పోనిచ్చి, రెండువైపులా రెండుసార్లు చూసి, "హోయ్" అన్నాడు. గడియారం బిడ్డ ముందు నడిచింది. సగం రోడ్డు దాటించి, డివైడరు దగ్గర మళ్లీ ఆపాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తోలాడు. మంద అవతలికి చేరింది.

నేను ఊపిరి వదిలేలోపు ఆయన అటు నుంచి గట్టిగా, "అద్దం!" అని అరిచాడు.

అద్దం రాలేదు. అది నాకు రెండడుగుల దూరంలో, దాబావాళ్లు పారేసిన గోబీ ఆకులు తింటోంది. దాన్ని తోలాలని చెయ్యెత్తాను, కనబడకు అని అక్క అన్న మాట గుర్తొచ్చి దించాను. అవతల బావ మందను పొలంలోకి దించి, అక్కడ మేపుతున్న ఇంకొకాయనకు చూడమని చెప్పి, రోడ్డు దాటి ఒక్కడే వచ్చాడు.

దాబా ముందు మంచం మీద ఆయన పాత స్నేహితుడు కూర్చుని ఉన్నాడు. ముందు సీసా ఉంది. నేను ఫొటో తీసిన రకమే.

"రా బావా, శానా దినాలాయె. ఒక్క గుటక ఏసి పో," అన్నాడు ఆయన గ్లాసు జరిపి.

బావ నిలబడ్డాడు. గ్లాసు వైపు చూశాడు. నేను బండి స్టాండు తీశాను. అడ్డం పడాల్సింది రోడ్డు మీద కాదు, ఇక్కడేనేమో అనుకున్నాను.

"దీన్ని రోజుకు నూరుసార్లు నూకుతున్న," అన్నాడు బావ. "ఇయ్యాల్టి నూరు పొద్దుగాల్నే అయిపోయినయి. నూటొకటి నాతోని కాదు. నువ్వే నూకు."

స్నేహితుడికి ఏమీ అర్థం కాలేదు. బావ దాబా వెనక్కి వచ్చాడు. అద్దాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"గీడ ఏం జేస్తున్నవ్ రా బామ్మర్ది?"

"టీ తాగుదామని."

"గ్లాసేది?"

నేను బండి స్టాండు మళ్లీ వేశాను.

"మీ అక్క తోలిందా?"

"ఆఁ."

"పోయి ఏం చెప్తవ్?"

"ఉన్నది చెప్త."

"అద్దం తప్పిపోయిందని చెప్తవా?"

"చెప్త."

"చెప్పు. దొరికిందని గూడ చెప్పు," అని గొర్రె మెడ పట్టి లాగి, దాన్ని ముందు పెట్టుకుని మళ్లీ రోడ్డు అంచుకు పోయాడు. మళ్లీ అంతసేపూ నిలబడ్డాడు. ఒక్క గొర్రె కోసం కూడా.

నేను అక్క దగ్గరికి పోయి అంతా చెప్పాను. పోనిచ్చిన లారీలు, గోబీ ఆకులు, మంచం మీది మనిషి, ఏదీ వదలలేదు. అక్క బీరకాయలు కోస్తోంది.

"అద్దం రాలేదని ఎవరన్న చెప్తే తెలిసిందా, తనకే తెలిసిందా?"

"తనకే."

కోసిన ముక్కలు గిన్నెలో వేసి ఇంకో కాయ తీసుకుంది.

మరుసటి ఆదివారం బండి తుడిచి పెట్టుకుని తొమ్మిదింటి దాకా చూశాను. ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"అక్కా, పోవాల్నా?"

"ఏడికి?" అంది.

ఆ తర్వాత రెండేళ్లు, చనిపోయిన రోజు పొద్దున దాకా, మందను ఆయనే రోడ్డు దాటించాడు. అక్క ఆయన వెనక మనిషిని పంపడం మానేసింది.